సున్న చెప్పిన అబద్ధం



పద్యాలూ ప్రయోగాలూ ముచ్చటించుకొనే ఈ చోట కంప్యూటరు స్క్రిప్టును గురించిన టపా ఏమిటని మీరు ఆశ్చర్యపోవచ్చును. ఇటువంటిది వ్రాయవలసి వస్తుందని నేనూ అనుకోలేదు. కాని ఆలోచించిన కొద్దీ ఇది యంత్రాల గొడవ కాదనీ, సాక్ష్యమంటే ఏమిటన్న పాత గొడవేననీ నాకు తోచినది. ఆ గొడవలో తర్కమూ వ్యాకరణమూ చదివినవారికి కూడా ఒక మాట చెప్పే చోటు ఉన్నదని నా నమ్మకం.

నా పూర్వవిద్యార్థి ఒకడు నగరంలో ఒక సంస్థలో సర్వర్ల బాగోగులు చూసే ఉద్యోగంలో ఉన్నాడు. బడిలో సంధులు చెప్పమంటే సవర్ణదీర్ఘం దగ్గరే ఆగిపోయేవాడు గాని బుద్ధి చురుకైనవాడు. సంక్రాంతికి ఊరికి వచ్చి మా అరుగు మీద కూర్చున్నప్పుడు వాడి ముఖంలో పండుగ కళ లేదు. సంస్థవారు వాడిని సంజాయిషీ అడిగారట. సంగతి ఇది.

వారి వద్ద 40 సర్వర్లు ఉన్నవి. వాటిలో కొన్నింటిని ఎవరూ వాడడం లేదనీ, కరెంటు ఖర్చు దండుగనీ పైవారికి అనుమానం కలిగినది. ప్రతిరాత్రీ ఒక్కొక్క సర్వరుతో ఎన్ని కంప్యూటర్లు సంబంధం పెట్టుకొని ఉన్నవో లెక్క తీయమనీ, 30 రోజులు వరుసగా సున్న వచ్చినవాటిని ఆపివేయవచ్చుననీ నిర్ణయించారు. ఆ లెక్కను తన చోటు నుండి కదలకుండా దూరం నుండే తెచ్చే స్క్రిప్టును మావాడు వ్రాశాడు. నెల గడిచేసరికి 7 సర్వర్లకు సున్నలే వచ్చినవి. శుక్రవారం సాయంత్రం వాటిలో ఒకదానిని ఆపివేశారు. శనివారం ఉదయం ఒక ఆసుపత్రి మందుల కౌంటరులో బిల్లు చేయడం ఆగిపోయినది. ఎవరూ వాడడం లేదనుకొన్న ఆ సర్వరే ఆ కౌంటరుకు ఆధారమట. మళ్ళీ దానిని నడిపించేసరికి మూడు గంటలు పట్టినది. మందుల చీటీలు చేతబట్టుకొని జనం అంతసేపూ నిలబడవలసి వచ్చినది.

"మాస్టారూ, నా స్క్రిప్టు ముప్పై రోజులు ఒక్క తప్పు కూడా చూపించకుండా నడిచింది. అయినా తప్పు జరిగింది. ఎక్కడ జరిగిందో మాత్రం అంతుపట్టడం లేదు" అన్నాడు.

నాకు ఆ విద్య రాదు. కాని బోధపడేదాకా చెప్పించుకోవడం వచ్చును. వాడు ఓపికగా చెప్పినది నాకు అర్థమైన మేరకు ఇక్కడ వ్రాస్తున్నాను.

ఒక కంప్యూటరు ఇతర కంప్యూటర్లతో జరుపుతున్న సంభాషణలన్నిటినీ జాబితాగా చూపే పనిముట్టు నెట్‌స్టాట్. నెట్‌వర్కులలో చాలా సంభాషణలు టీసీపీ అనే మర్యాదను అనుసరించి నడుస్తాయి. 1981లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 793 అనే పత్రం ఆ సంభాషణకు 11 దశలను నిర్దేశించినది. పిలుపు కోసం ఎదురుచూడడం ఒక దశ. పిలిచి బదులు కోసం ఆగడం ఒక దశ. మాట కలిసి సంభాషణ సాగుతూ ఉండడం మరొక దశ. ఈ చివరిదానికి 'ఎస్టాబ్లిష్డ్' అని పేరు. మావాడు లెక్కపెట్టదలచినది ఈ దశలో ఉన్నవాటినే.

దూరాన ఉన్న యంత్రంలోకి వెళ్ళి నెట్‌స్టాట్‌ను నడిపి రావడానికి దూత కావాలి. ఆ దూత పేరు ఎస్‌ఎస్‌హెచ్. ఫిన్లండులో 1995లో పుట్టిన ఈ పద్ధతి నేటికీ ప్రపంచంలోని సర్వర్ల నిర్వాహకులకు కుడిచేయి. ఎస్‌ఎస్‌హెచ్ వెళ్ళి నెట్‌స్టాట్ జాబితాను తెస్తుంది. తెచ్చిన దానిలో 'ఎస్టాబ్లిష్డ్' అన్న మాట ఉన్న పంక్తులను గ్రెప్ అనే జల్లెడ వేరుచేస్తుంది. మిగిలిన పంక్తులను డబ్ల్యుసీ అనే గణకుడు లెక్కించి సంఖ్య చెబుతాడు. ఆ సంఖ్య పట్టికలోకి ఎక్కుతుంది. దారిలో ఎవరైనా తప్పు జరిగినదని మొరపెట్టుకొంటే ఆ మొర 'డెవ్ నల్' అనే చోటికి పోతుంది. అది అడుగులేని బావి. అందులో వేసినది మరి కనబడదు.

మొదట వ్రాసినప్పుడు మరొక చిక్కు వచ్చినదట. జాబితాలో 40 పేర్లుండగా మొదటి సర్వరు లెక్క మాత్రమే వచ్చి, స్క్రిప్టు పని పూర్తయినట్లు ఆగిపోయేదట. కారణం విని నవ్వుకొన్నాను. ఎస్‌ఎస్‌హెచ్‌కు తన ముందున్న దానినంతా చదివి అవతలి యంత్రానికి చేరవేయడం స్వభావం. మొదటి పేరు పట్టుకొని వెళ్ళే దూత మిగిలిన 39 పేర్లున్న చీటీని కూడా తనకిచ్చినదే అనుకొని వెంట తీసుకుపోయాడు. వెనుక చదవడానికి పేర్లు లేక స్క్రిప్టు ముగిసినది. ఇది ఆ విద్యలో అందరికీ ఒకసారైనా తగిలే దెబ్బేనట. దూతను ఏమీ చదవవద్దని కట్టడి చేసే 'ఎన్' అనే సూచన చేర్చితే సరిపోయినది. అప్పుడైనా తప్పు కంటికి కనబడినది; 40 రావలసిన చోట 1 వచ్చినది కనుక. తరువాతి తప్పు కనబడలేదు. 40కి 40 అంకెలూ వచ్చినవి కనుక.

ఇంతవరకు విని నేనొక అమాయకపు ప్రశ్న వేశాను.

"నాయనా, నీ దూత ఆ యంత్రంలోకి వెళ్ళి అక్కడ నిలబడి జాబితా తీస్తున్నాడు కదా. ఆ వెళ్ళడం కూడా ఒక సంబంధమే కాదా? మరి అది జాబితాలో ఎందుకు లేదు?"

వేదాంతులు చెప్పే దశముని కథ గుర్తుకు వచ్చి అడిగానే తప్ప, నాకు మరే తెలివీ లేదు. పదిమంది ఏరు దాటి ఒడ్డున లెక్కపెట్టుకొంటే ఎవరు లెక్కించినా తొమ్మండుగురే తేలతారు. లెక్కపెట్టేవాడు తన్ను తాను మరచిపోతాడు.

మావాడు రెండు నిమిషాలు మాటాడలేదు. తరువాత నుదురు కొట్టుకొన్నాడు. ఎస్‌ఎస్‌హెచ్ నిజంగా లోనికి వెళ్ళి ఉంటే దాని సంబంధమే ఒక 'ఎస్టాబ్లిష్డ్' పంక్తిగా జాబితాలో కనబడి తీరాలి. పురుగు కూడా వాడని సర్వరుకైనా కనీసం 1 రావాలి. ఈ స్క్రిప్టులో సున్న అన్నది అసంభవమైన జవాబు. 'ఇంట్లో ఎవరూ లేరు' అని ఇంటి లోపలినుండి కేకవేసినట్లు! సున్న వచ్చినదంటే ఆ యంత్రం వాడుకలో లేదని అర్థం కాదు. మనం ఆ యంత్రాన్ని అడగనే లేదని, లేదా దాని జవాబు మన చెవిన పడలేదని అర్థం. ముప్పది రాత్రులు ఏడేసి చొప్పున 210 సార్లు స్క్రిప్టు ఆ మాట చెప్పినది. సున్న రూపంలో చెప్పినది కనుక ఎవరికీ వినబడలేదు.

అప్పుడు బావికి మూతవేసి, మొరలన్నిటినీ పైకి రానిచ్చి, ఆ ఏడింటినీ ఒక్కొక్కటిగా అడిగాడు. 3 సర్వర్ల వద్ద దూతను వాకిట్లోనే ఆపివేశారు. వాటిలో వ్యవస్థను కొత్తగా ప్రతిష్ఠించడం వల్ల వాటి గుర్తింపు ముద్ర మారినది. పాత ముద్రనే ఎరిగిన ఎస్‌ఎస్‌హెచ్, 'ఇది నేనెరిగిన యంత్రం కాదు, మోసం ఉండవచ్చు' అని హెచ్చరించి వెనుదిరిగినది. మందుల కౌంటరు సర్వరు ఈ మూడింటిలోనిదే. మరి 2 సర్వర్లలో నెట్‌స్టాటే లేదు. డెబియన్ వంటి వ్యవస్థలలో 2017 నుండి కొత్తగా ప్రతిష్ఠించినప్పుడు ఆ పాత పనిముట్టు తనంతట తాను రాదు. దానికి బదులు ఎస్‌ఎస్ అనేది ఉంటుంది. ఆరవదానిలో మావాడి ఖాతా గడువు తీరిపోయినది. ఏడవదాని ముందు ఫైర్‌వాల్ అడ్డుగా నిలిచి పిలుపునే పోనీయలేదు.

ఇందులోని విపరీతం గమనించండి. ఏడింటిలో ఐదు ఇటీవల బాగుచేసి కొత్తగా నిలబెట్టినవి. ఎక్కువ శ్రద్ధ పొందినవే చచ్చినవాటి జాబితాలో చేరినవి.

నెట్‌స్టాట్ లేనిచోట ఎస్‌ఎస్‌ను వాడి చూశాడు. మళ్ళీ సున్నే! ఈసారి దూత వెళ్ళి వచ్చాడు, జాబితా కూడా తెచ్చాడు. కాని ఎస్‌ఎస్ 'ఎస్టాబ్లిష్డ్' అని పూర్తిగా వ్రాయదు. 'ఎస్టాబ్' అని ఊరుకొంటుంది. పూర్తి మాట కోసం చూసే జల్లెడలో ఒక్క పంక్తీ నిలువలేదు. ప్రత్యయం లోపించినంత మాత్రాన పదం అర్థం పోయినదా? మనిషి కంటికి పోలేదు, జల్లెడకు పోయినది. యంత్రంతో మాటాడేవారికి వర్ణలోపం కూడా ప్రాణాంతకమేనని ఆ పూట తెలిసినది.

ఇన్ని రకాల వైఫల్యాలకు ఒకే సున్న ఎలా వచ్చినదన్నదే అసలు ప్రశ్న. వరుసలో చివర కూర్చున్న గణకుడిని చూడండి. తన చేతికి వచ్చిన పంక్తులను లెక్కించడమే వాడి పని. ఏమీ రాకపోతే సున్న అంటాడు. ఎందుకు రాలేదో వాడికి తెలియదు, అడగడు. పైగా పనులను ఇలా గొలుసుకట్టుగా కలిపినప్పుడు, ప్రత్యేకించి చెప్పకపోతే, గొలుసు మొత్తం సఫలమైనదా విఫలమైనదా అన్నది చివరివాడి మాటను బట్టే తేలుతుంది. వాడు తన పని సవ్యంగానే చేశాడు. కనుక అంతా సవ్యమే! మొదటివాడు వాకిలి దాటలేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. కార్యాలయాల్లో పనిచేసినవారికి ఈ గొలుసును నేను వివరించనక్కరలేదు.

మన తార్కికులు ఈ విషయాన్ని ఏనాడో తరచి చూశారు. నేలపై కుండ లేదని మనకు ఎలా తెలుస్తుంది? కనబడలేదు కనుక తెలుస్తుంది. ఈ కనబడకపోవడాన్నే భాట్ట మీమాంసకులూ అద్వైతులూ అనుపలబ్ధి అని ఆరవ ప్రమాణంగా అంగీకరించారు. నైయాయికులు వేరు ప్రమాణంగా ఒప్పుకోలేదు. ఆ వాదం పెద్దది. కాని ఒప్పుకొన్నవారు ఒక గట్టి షరతు పెట్టారు. ఉంటే తప్పక కనబడవలసిన పరిస్థితిలో కనబడకపోతేనే అది లేనట్లు. దానికి యోగ్యానుపలబ్ధి అని పేరు. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు, దీపం లేదని. మావాడి స్క్రిప్టు చీకటి గదులలోకి తొంగిచూసి, ఏడు గదులలోనూ కుండలు లేవని వ్రాసిపెట్టినది. దీపం వెలుగుతున్నదా అని చూసే పంక్తి ఒక్కటీ అందులో లేదు.

నా వృత్తిలోనూ ఈ భేదాన్ని ప్రతిరోజూ పాటించవలసి వచ్చేది. హాజరుపట్టీలో పిల్లవాడు రాలేదని గుర్తు పెట్టడం వేరు. ఆనాడు పేర్లే పిలవకపోవడం వల్ల గడి ఖాళీగా ఉండడం వేరు. ఖాళీ గడిని గైర్హాజరుగా లెక్కవేస్తే పిల్లవాడికి అన్యాయం జరుగుతుంది. మార్కుల పట్టీలో సున్నకూ, పరీక్షకు రాలేదన్న గుర్తుకూ మధ్య ఎంత దూరం ఉన్నదో ఉపాధ్యాయులకు తెలుసును. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడినప్పుడు తెలుగులో ఒక విద్యార్థినికి సున్న వచ్చినట్లు చూపారు, సరిచూస్తే 99. పరీక్ష వ్రాసినవారిని రానివారుగా చూపారన్న ఫిర్యాదులూ ఆనాడు వచ్చినవి. ఆ ఫలితాల తరువాత పిల్లలు ప్రాణాలు తీసుకొన్న వార్తలు చదివి తెలుగు చెప్పినవాడిగా నాకు చాలా రోజులు అన్నం సహించలేదు. అది చేతితో గుర్తులు పెట్టడంలో జరిగిన పొరపాటు, ఇది దూత వాకిలి దాటకపోవడం. రెండింటి పుట్టుకా ఒకటి కాదు. కాని రెండుచోట్లా సున్న కనబడగానే 'ఇది సంభవమేనా?' అని ఆగి అడిగినవారు లేరు. అంకెకు మనం ఇచ్చే గౌరవం మనిషి మాటకు ఇవ్వడం లేదు.

మావాడి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. మొరలను బావిలో వేసినది సోమరితనంతో కాదు. రాత్రి 2 గంటలకు తనంతట తాను నడిచే పనిలో ఏ మొర వచ్చినా అది ఉత్తరంగా మారి ఉదయానికి వీడి పెట్టెలో పడేదట. మొదటి వారంలో అటువంటివి కుప్పలుగా వచ్చినవి. చాలావరకు పనికిమాలిన హెచ్చరికలే. పైవారికేమో ఎర్రగీతలు లేని శుభ్రమైన పట్టిక కావాలి. నోరు మూయించితే పట్టిక శుభ్రపడినది. వందమందిలో తొంబదిమంది చేసేదే వాడూ చేశాడు. అంతేకాదు, 'సున్న వస్తే ఆపివేయండి' అని సూత్రం కట్టినవారు ఆ సున్న ఎలా పుడుతుందని ఒక్కసారైనా అడగలేదు. రాత్రి 2 గంటలకు తీసిన లెక్క పగటి వాడుకకు సాక్ష్యం ఎలా అవుతుందనీ అడగలేదు. స్క్రిప్టు సవ్యంగా నడిచి ఉన్నా, పగలు మాత్రమే పనిచేసే కౌంటరు సర్వరుకు ఆ వేళ 1కి మించి వచ్చేది కాదేమో! సంజాయిషీ అడగదలిస్తే ఇద్దరినీ అడగాలి.

'ఇంత ఆరాటమెందుకు, ఈ పనికి సిద్ధంగా దొరికే పెద్ద సాఫ్ట్‌వేర్లు ఉన్నవి, కొనుక్కొంటే సరి' అనేవారుంటారు. కొనుక్కోవచ్చు. కాని జవాబు రాని చోట అది ఏమి చూపుతుందో ముందుగా పరీక్షించి కొనాలి. అందమైన తెరమీద చూపినంత మాత్రాన అబద్ధపు సున్న నిజం కాదు.

మా అరుగు మీద ఆ సాయంత్రం స్క్రిప్టును ఎలా మార్చాడో చెబుతాను. ఈ పని చేసేవారెవరైనా చదువుతుంటే పనికివస్తుంది. గొలుసును తెంచాడు. ముందు జాబితాను తెచ్చి పక్కన పెట్టుకోవడం, అది వచ్చినదని తేలిన తరువాతనే లెక్కించడం. ఎస్‌ఎస్‌హెచ్ తిరిగి వచ్చేటప్పుడు ఒక సంఖ్యతో తన స్థితిని చెబుతుంది: తానే చేరలేకపోతే 255, అవతల పిలిచిన పనిముట్టు లేకపోతే అక్కడినుండి వచ్చే 127, పని జరిగితే 0. ఈ సంఖ్యను ఇంతకుముందు ఎవరూ చూడలేదు. ఇప్పుడు 255 వస్తే పట్టికలో అంకె పడదు, 'చేరలేదు' అన్న మాట పడుతుంది. 127 వస్తే 'పనిముట్టు లేదు'. మొరలు బావిలోకి కాక, తేదీ వేసిన వేరొక ఫైలులోకి పోతాయి. అన్నీ సవ్యమై కూడా సున్న వస్తే, అది అసంభవం కనుక 'జల్లెడ సరిచూడుము' అన్న మాట వస్తుంది. రాత్రి ఒక్కసారి కాక గంటకొకసారి లెక్క తీస్తారు. చివరి పంక్తిలో మొత్తం 40లో ఎన్నింటినుండి నిజంగా జవాబు వచ్చినదో వ్రాస్తారు. మొదటి పరీక్షలో ఆ చివరి పంక్తి '40లో 33' అన్నది. నెల రోజుల తరువాత ఆ స్క్రిప్టు పలికిన మొదటి నిజం అది.

మన భాష ఈ విషయంలో మనకు ఒక సౌకర్యం ఇచ్చినది. ఇంగ్లీషువారు ఒక్క 'నో'తో సరిపెట్టుకొనే చోట మనకు లేదు వేరు, కాదు వేరు. తెలియదు మరీ వేరు. కుండ లేదు, అది కుండ కాదు, కుండ ఉన్నదో లేదో తెలియదు. మూడింటినీ కలిపి ఏ పల్లెటూరి అవ్వా మాట్లాడదు. చదువుకొన్న మనం పట్టికలు గీసేటప్పుడు మాత్రం మూడింటినీ ఒకే సున్నలో కుక్కుతున్నాం. తెలియదని చెప్పడానికి సిగ్గుపడడం అందుకు మూలం. తరగతిలో నేనూ ఆ సిగ్గుపడ్డవాడినే. ఒక పద్యానికి అర్థం తెలియక, 'ఇందులో విశేషమేమీ లేదు' అని దాటవేసిన రోజులు నాకూ ఉన్నవి. విశేషం లేక కాదు; నా చేతిలో దీపం లేక. ఆ తరగతిలో కూర్చున్న పిల్లలలో ఈ స్క్రిప్టు వ్రాసినవాడూ ఉండి ఉండవచ్చును.

సంజాయిషీ పత్రం ఇద్దరం కలిసి వ్రాశాం. 'స్క్రిప్టు విఫలమైనది' అని మొదట వ్రాశాడు. కొట్టివేయించాను. స్క్రిప్టు విఫలమైన సంగతి దాచిపెట్టేటట్లు తానే వ్రాశానని వ్రాయమన్నాను. ముఖం చిన్నబుచ్చుకొన్నాడు గాని వ్రాశాడు. దాని కిందనే, మిగిలిన ఆరు సర్వర్లనూ 'తెలియలేదు' అన్న మాట పోయేదాకా ఆపవద్దని కూడా వ్రాశాడు. పైవారు ఏమన్నారో ఇంకా కబురు రాలేదు. ఆ ఆరు మాత్రం ఇప్పటికి నడుస్తూనే ఉన్నవట.

మీ మీ ఉద్యోగాలలో ఇటువంటి సున్నలు మీకూ తారసపడి ఉంటాయి. వ్రాయగలరు.

స్వస్తి.